మత్తు వదలిన పిదప

రొమ్మున చిన్న గడ్డ చేతికి తగిలినచో మనలో పెక్కుమంది దానిని నెలల తరబడి దాచుకొందురు. సిగ్గొక కారణము, మత్తిచ్చిన పిదప మరల కన్ను తెఱతుమో లేదో యను భయము రెండవది. ఇట్టి గడ్డలలో హెచ్చుపాలు ప్రమాదము లేనివే. కాని యా సంగతి పరీక్షింపకయే తేలునా?

1811లో పారిస్ నగరమున ఆంగ్లరచయిత్రి ఫానీ బర్నీకి రొమ్ము తొలగించినపుడు మత్తన్నదే లేదు. ఆ బాధను ఆమె తన సోదరికి లేఖగా వ్రాసినది. 1846లో బోస్టనున ఈథరు, మఱుసటి యేడు క్లోరోఫారము వెలువడినవి. 1889లో మన హైదరాబాదున క్లోరోఫారమును గూర్చి పరిశోధన జరిగినపుడు రూపాబాయి ఫర్దూంజీ యను వైద్యురాలు అందు పాల్గొనుట మనకు గర్వకారణము.

నేడు నిద్రపుచ్చుటకు రెండు మార్గములు గలవు. సెవోఫ్లూరేను వంటి మందును ఆవిరిగా మార్చి, ప్రాణవాయువుతో పీల్పించుట యొకటి. ఆపినంతనే యది చాలవఱకు నిశ్శ్వాసముతోనే వెడలిపోవును. ప్రొపోఫాల్ అను పాలవంటి తెల్లని మందును యంత్రముచే కొద్దికొద్దిగా నరములోనికి ఎక్కించుట రెండవది. 1986 నుండి వాడుకలోనున్న యీ మందు మెదడును వీడి కండలకును, క్రొవ్వునకును చేరి, పిమ్మట కాలేయమున విఱిగిపోవును.

తెలివి వచ్చుటలో రెంటికిని సాధారణముగ కొన్ని నిమిషములే తేడా. అసలు భేదము కడుపులో త్రిప్పుటయందు గలదు. "కత్తి సంగతి నాకు జ్ఞప్తియే లేదు, ఆ రాత్రి వాంతులు మాత్రము మఱవలేను" అని మా పినతల్లి యనుచుండెడిది. ఈ వికారము పురుషులకంటె స్త్రీలకు హెచ్చు. బండి ప్రయాణమున డోకు వచ్చువారికి మఱియు హెచ్చు. విచిత్రమేమన, పొగ త్రాగనివారికే యెక్కువ! అంతమాత్రమున ఎవ్వరును చుట్ట ముట్టించవలదు. వాంతి యగునపుడు క్రొత్తకుట్లు లాగి నొప్పిపుట్టును. సాయంకాలమునకు ఇల్లు చేరవలసినవారు ఆస్పత్రిలోనే నిలిచిపోవుదురు. ప్రొపోఫాల్ స్వయముగా వికారమును అణచునది గనుక మొదటి గంటలలో రోగి తేలికగా నుండును.

అట్లని పీల్చుమత్తును నిందింపరాదు. శరీరమున మందెంత యున్నదో ప్రతి నిశ్శ్వాసమును యంత్రము కొలిచి చూపును. నరపుమందునకు ఆ సౌకర్యము లేదు. పైగా అది ఎక్కునపుడు చేయి మండును. పీల్చుమత్తుతోపాటు వాంతులాపు మందులను ముందే యిచ్చినచో తేడా చాల తగ్గును. మిక్కిలి చిన్న గడ్డకు ఆ చోటు మాత్రము తిమ్మిరెక్కించి పని ముగించుటయు గలదు.

నా దృష్టిలో ముఖ్యమైనది మత్తువైద్యునికి దాపఱికము లేకుండ చెప్పుట. మునుపు వాంతులైనవా? పయనమున డోకు వచ్చునా? వంశమున ఎవ్వరికైన మత్తువలన ఒడలు పెనుజ్వరమువలె కాగి ఆపద వాటిల్లెనా? ఈ చివరిది అరుదు. కాని యట్టి వంశమువారికి పీల్చుమత్తు ఇయ్యనేకూడదు.

ఏ మత్తైనను ఇంటికి వచ్చిన పిదప 24 గంటలు పొయ్యికడ ఒంటరిగా నిలువరాదు, బండి నడుపరాదు, ఏ పత్రముపైనను చేవ్రాలు చేయరాదు. ఆ ఒక్కదినము తాళపుచెవులు కోడలికో కూతురికో యప్పగించి పండుకొనవలెను.