కంపెనీ మారినా కండక్టర్ మారలేదు
రైళ్ల ఔట్‌సోర్సింగ్‌పై అపోహలు – వాస్తవాలు

బోస్టన్ సౌత్ స్టేషన్ నుంచి ఫ్రేమింగ్‌హామ్, వెస్ట్‌బరో మీదుగా వూస్టర్ వెళ్లే ఊదారంగు చారల రైళ్లు అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు బాగా పరిచయం. మన ఎంఎంటీఎస్ లాంటి శివారు రైళ్లవి. పెట్టెల మీద కనిపించే ‘టి’ గుర్తు మసాచుసెట్స్ ప్రభుత్వ రవాణా సంస్థ ఎంబీటీఏది. ఇంజన్లు, పెట్టెలు, పట్టాల్లో చాలా భాగం ఆ సంస్థ ఆస్తే. కానీ టికెట్ చూసే కండక్టర్‌కు, రైలు నడిపే డ్రైవర్‌కు, షెడ్డులో మెకానిక్‌కు జీతమిచ్చేది కియోలిస్ అనే ఫ్రెంచి కంపెనీ. 2014 జులై 1 నుంచి ఇదే ఏర్పాటు. హైదరాబాద్ మెట్రో నడిపే కాంట్రాక్టును 2012లో దక్కించుకున్నదీ ఈ కియోలిస్సే. కాబట్టి బోస్టన్ కథ మనకు అంత దూరమేమీ కాదు.

అపోహ: ఔట్‌సోర్సింగ్ అంటే పాతవాళ్లను ఇంటికి పంపి, తక్కువ జీతానికి కొత్తవాళ్లను పెట్టుకోవడమే.

వాస్తవం: మన ఊళ్లలో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి అనగానే ఏజెన్సీ ద్వారా చేరి, నెలనెలా జీతం కోసం ఎదురుచూస్తూ, ఎప్పుడు తీసేస్తారో తెలియక బతికే మనిషి గుర్తొస్తాడు. ఆ బాధ నిజం. అయితే రైలు నడపడం రేపు ఉదయం కొత్తవాణ్ని పెట్టుకుని చేయించగలిగే పని కాదు. అమెరికాలో రైలు డ్రైవర్‌కు, కండక్టర్‌కు ఫెడరల్ నిబంధనల ప్రకారం సర్టిఫికెట్ ఉండాలి. తాను నడిపే మార్గంలో ప్రతి సిగ్నల్, ప్రతి వాలు డ్రైవర్‌కు తెలిసి ఉండాలి. అలాంటివాళ్లు బజారులో దొరకరు. అందుకే కాంట్రాక్టు మారినప్పుడు కొత్త కంపెనీ పాత సిబ్బందినే తీసుకుంటుంది.

బోస్టన్ చరిత్రే ఇందుకు సాక్ష్యం. అక్కడ శివారు రైళ్లను ఒకప్పుడు బోస్టన్ అండ్ మెయిన్ రైల్‌రోడ్ నడిపింది. 1987లో అమెరికా జాతీయ రైలు సంస్థ ఆమ్‌ట్రాక్ వచ్చింది, 2003లో ఎంబీసీఆర్ అనే ప్రైవేటు కంపెనీ, 2014లో కియోలిస్. 1985లో ఇరవై రెండేళ్ల వయసులో కండక్టర్‌గా చేరిన మనిషి ఏభై ఒకటో ఏట నాలుగో కంపెనీ గుర్తింపు కార్డు మెడలో వేసుకుని, అదే రైల్లో, అదే టికెట్లు చూస్తూ ఉండవచ్చు.

ఇక చట్టం సంగతి. 1964లో అమెరికా కాంగ్రెస్ చేసిన పట్టణ రవాణా చట్టంలో 13(సి) అనే సెక్షన్ ఉంది. ఫెడరల్ నిధులు తీసుకునే రవాణా సంస్థ కార్మికుల హక్కులు, సంఘం పెట్టుకుని బేరమాడే స్వేచ్ఛ దిగజారకుండా రక్షణలు చూపాలి, వాటికి కార్మిక శాఖ ఆమోదం ఉండాలి. కియోలిస్ బోస్టన్ సిబ్బంది రెండు వేలకు పైనే. వాళ్లు పనినిబట్టి పన్నెండుకు మించిన యూనియన్లలో ఉన్నారు. రైల్వే కార్మికులకు ప్రత్యేకంగా ఉన్న పింఛను పథకం వాళ్లకు వర్తిస్తుంది. ఔట్‌సోర్సింగ్ అంటేనే కూలి తగ్గింపు అని కొట్టిపారేసే ముందు ఈ రక్షణలను చూడాలి. అక్కడి కార్మికుణ్ని కాపాడుతున్నది కంపెనీ మంచితనం కాదు, చట్టం, యూనియన్.

అపోహ: నడిపే బాధ్యత బయటికి ఇచ్చేస్తే ప్రభుత్వ సంస్థకు పెద్దగా సిబ్బంది అక్కర్లేదు.

వాస్తవం: అసలు నష్టం జరిగేది ఇక్కడేనని నా అభిప్రాయం. జీతాల పట్టికలో పేర్లు తగ్గుతాయి, నిజమే. వాటితో పాటు సంస్థకున్న పనితనం కూడా పోతే ఆ లోటు ఏ పట్టికలోనూ కనపడదు. ఇల్లు కట్టడం మేస్త్రీకి అప్పగించినా, పునాది లోతు చూసి ‘ఇది చాలదు’ అనగలిగిన మనిషి ఇంటివైపు ఒకరుండాలి. రైలు ఆలస్యమైతే తప్పు ఇంజన్‌దా, సిగ్నల్‌దా, సిబ్బంది రాకపోవడమా, ఎంత జరిమానా వెయ్యాలి, మరమ్మతు చేశామంటున్న పెట్టె నిజంగా బాగుపడిందా? ఇవి చెప్పాలంటే రైల్వే పని తెలిసినవాళ్లు సంస్థలోనే ఉండాలి. బోస్టన్‌లో దక్షిణం వైపు ప్రధాన మార్గంలో రైళ్ల రాకపోకలను నియంత్రించేది మళ్లీ ఆమ్‌ట్రాక్. ఒకే రైలు వెనక ముగ్గురున్నప్పుడు ఎవరి మాట నిజమో తేల్చేవాళ్ల అవసరం ఇంకా ఎక్కువ.

1964లో పుట్టిన ఎంబీటీఏ తన సొంత సిబ్బందితో శివారు రైళ్లను ఏనాడూ నడపలేదు. మొదటి నుంచీ ఎవరో ఒకరికి డబ్బిచ్చి నడిపించుకుంటూనే వచ్చింది. దాని ఫలితం టెండర్ల వేళ తెలిసింది. 2003 కాంట్రాక్టుకు ఆమ్‌ట్రాక్ పోటీకే రాలేదు. తర్వాతి కాంట్రాక్టుకు వచ్చినవి రెండే బిడ్లు. ఒకటి అప్పటికే నడుపుతున్న ఎంబీసీఆర్‌ది, రెండోది కియోలిస్‌ది. ఎనిమిదేళ్లకు 268 కోట్ల డాలర్ల కాంట్రాక్టుకు ఇద్దరే! ‘మీ ధర నచ్చలేదు, మేమే నడుపుకుంటాం’ అనే మాట నమ్మకంగా అనగలిగిన సంస్థకు బేరంలో బలం ఉంటుంది. ఆ మాట అనడానికి కావలసిన మనుషుల్ని ఎంబీటీఏ ఎన్నడూ పెంచుకోలేదు.

శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ హోసేల మధ్య నడిచే కాల్‌ట్రెయిన్‌దీ ఇలాంటి పద్ధతే. 1992 నుంచి ఆమ్‌ట్రాక్, 2012 నుంచి ట్రాన్సిట్‌అమెరికా. కానీ 2024 సెప్టెంబరు నాటికి డీజిల్ స్థానంలో కరెంటు రైళ్లు తేవడానికి నిధులు, డిజైన్, పరీక్షలు, అనుమతుల భారమంతా ప్రభుత్వ సంస్థే మోసింది. రైళ్లు నడిపే కాంట్రాక్టు ఆ భారాన్ని తగ్గించలేదు.

అపోహ: సిబ్బంది కొరతకు మందు ఔట్‌సోర్సింగే. లేదా, దానికి కారణమే ఔట్‌సోర్సింగ్.

వాస్తవం: రెండూ తప్పే. 2022లో ఎంబీటీఏను కుదిపేసిన సిబ్బంది కొరత శివారు రైళ్లది కాదు, ఆ సంస్థ సొంత ఉద్యోగులే నడిపే సబ్‌వేది. కంట్రోల్ సెంటర్‌లో చాలినంత మంది డిస్పాచర్లు లేక కొందరు 16 గంటలు, 20 గంటలు ఏకబిగిన పనిచేసి, నాలుగు గంటల విరామంతో మళ్లీ విధుల్లోకి వస్తున్నారని ఫెడరల్ తనిఖీలో బయటపడింది. ఆ జూన్‌లో రెడ్, ఆరెంజ్, బ్లూ లైన్లలో రైళ్లు తగ్గించారు. వేలమంది ప్రయాణికుల ప్రాణాలు నిద్రలేని కళ్ల మీద ఆధారపడటం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? పరిష్కారం కోసం 2023లో సంస్థ కార్మిక సంఘంతో కూర్చుంది. నాలుగేళ్లలో 18 శాతం జీతాల పెంపు, కొత్త బస్ డ్రైవర్లకు గంటకు 30 డాలర్ల ప్రారంభ వేతనం ఒప్పుకుంది.

కంపెనీ చేతికిచ్చినా నియామకాలు జరగాల్సింది అదే నగరంలో, అదే ఇంటి అద్దెల మధ్య. పైగా కాంట్రాక్టు ముగిసే దశలో, తాను వెళ్లిపోయాక వేరేవాళ్లకు పనికొచ్చే డ్రైవర్లకు ఇప్పుడు డబ్బుపోసి శిక్షణ ఇవ్వడానికి ఏ కంపెనీకైనా చెయ్యి రాదు. ఎన్నేళ్ల కాంట్రాక్టుకు ఎంతమందిని తయారుచేయాలో ఒప్పందంలోనే రాసుకోవాలి.

అపోహ: నష్టమొస్తే కంపెనీ భరిస్తుంది, ప్రజల డబ్బు భద్రం.

వాస్తవం: కొంతవరకే. బోస్టన్‌లో కియోలిస్‌కు మొదటి ఏడాదే పెద్ద నష్టం వచ్చింది. 2015 మంచు తుపాన్లకు రైళ్లు వారాలపాటు అస్తవ్యస్తమయ్యాయి. మరుసటి ఏడాది ఎంబీటీఏ బోర్డు ఒప్పందం సవరించి అదనంగా చెల్లించడానికి అంగీకరించింది. రైళ్లు ఆగకూడదు కదా! ఇంకో మాట: కియోలిస్‌లో పెద్ద వాటా ఫ్రాన్స్ ప్రభుత్వ రైల్వేదే. లాభమొచ్చినా అందులో పెద్ద భాగం చేరేది మరో దేశపు ప్రభుత్వ రంగానికే.

అపోహ: ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటే సిబ్బంది అందరూ ప్రభుత్వోద్యోగులైపోతారు.

వాస్తవం: 2025 సెప్టెంబరులో హైదరాబాద్ మెట్రో మొదటి దశను, దాన్ని నిర్మించిన ఎల్ అండ్ టీ నుంచి తీసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. దాదాపు 13 వేల కోట్ల అప్పు తలకెత్తుకుని, మరో 2 వేల కోట్లు చెల్లించాలన్నది ఒప్పందం. చర్చంతా ఈ కోట్ల చుట్టూనే తిరిగింది. కానీ ఆస్తి యజమాని మారడం, రైలు నడిపే కాంట్రాక్టు మారడం, ఆ కాంట్రాక్టు కింద మరో ఏజెన్సీ పెట్టిన సిబ్బంది స్థితి మారడం వేర్వేరు విషయాలు. 2023 జనవరిలో హైదరాబాద్ మెట్రో రెడ్ లైన్ టికెట్ కౌంటర్ల సిబ్బంది జీతాలు చాలక విధులు మానేసి బయటికొచ్చారు. వాళ్లు ఏజెన్సీ ద్వారా చేరినవాళ్లు. పైన ఎవరి బోర్డున్నా, అడుగున ఉన్న వాళ్ల ఒప్పందంలో వేతనం, పీఎఫ్, కాంట్రాక్టర్ మారినా ఉద్యోగం నిలిచే హామీ రాయకపోతే వాళ్ల పరిస్థితి మారదు. రైలు నడపడం తెలిసిన ఇంజనీర్లను ప్రభుత్వం ఎంతమందిని సొంతంగా తీసుకుంటుందన్నదీ ఇప్పుడే అడగాలి. తర్వాతి టెండరులో ప్రభుత్వానికి బేరమాడే బలం ఉంటుందా లేదా అన్నది వాళ్ల సంఖ్యను బట్టే తేలుతుంది.