హామ్ రేడియోలో గరగర.. తప్పు సెట్‌దా? ఇంట్లో బల్బుదా? ఇలా తేల్చేయండి!

తుపానుకు సెల్ టవర్లు మూగబోతే హామ్ రేడియోనే దిక్కు. 2014లో హుద్‌హుద్ విశాఖను దెబ్బతీసినప్పుడు హామ్ ఆపరేటర్లు సమాచారం చేరవేశారు. కానీ రిసీవర్‌లో గరగర ఎక్కువైతే అవతలి పిలుపే వినపడదు.

ఏంటీ గరగర?
ఏ స్టేషన్ లేకున్నా వినిపించే ఈ రొదనే 'నాయిస్ ఫ్లోర్' అంటారు. ఎస్-మీటర్‌పై ఒక్కో మెట్టు 6 డెసిబెల్స్. అంటే సిగ్నల్ వోల్టేజ్ రెట్టింపు. రొదే ఎస్7 ఉంటే ఎస్4తో వచ్చే మాట అందులో మునిగిపోతుంది. సౌండ్ పెంచినా లాభం లేదు, రొదా పెరుగుతుంది.

ఎలా తేల్చాలి?
సెట్‌ను 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పెట్టి, ట్రాన్స్‌మిట్ చేయకుండా యాంటెన్నా కేబుల్ తీసేయండి. రొద బాగా తగ్గితే సెట్ ఓకే, రొద బయటిది. తగ్గకపోతే సెట్, పవర్ సప్లై చెక్ చేయించాలి.

తర్వాత కేబుల్ పెట్టి, సెట్‌ను బ్యాటరీపై నడుపుతూ ఇంటి మెయిన్ ఆపండి. రొద పడిపోయిందా? దొంగ ఇంట్లోనే ఉన్నాడు! నాసిరకం ఎల్ఈడీ బల్బు, చార్జర్, ఇన్వర్టర్.. ఒక్కొక్కటే ఆన్ చేస్తే దొరికిపోతుంది. తగ్గకపోతే పొరుగిళ్లు, కరెంటు లైన్లు, మెరుపులు కారణం కావచ్చు.

పట్టణాలకంటే పల్లెల్లో ఈ రొద సాధారణంగా తక్కువే. సూర్యాపేట జిల్లా చివ్వెంల లాంటి చోట ఇళ్లకు, కరెంటు తీగలకు దూరంగా పొలం వైపు యాంటెన్నా కడితే బలహీనమైన పిలుపు కూడా చెవిన పడే అవకాశం ఎక్కువ.