స్తుతియాగము

స్తుతియాగము అనగా క్రైస్తవ విశ్వాసంలో దేవునికి బలిగా అర్పించే స్తుతి. తెలుగు బైబిలులో ఈ మాట కీర్తనల గ్రంథము 50:14, 23 వచనాలలోను, హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 13:15లోను కనిపిస్తుంది. సాధారణ స్తుతికి, స్తుతియాగానికి గల భేదం ‘యాగము’ అన్న మాటలోనే ఉంది. యాగం చేసేవాడు తనకు విలువైనది ఏదో ఒకటి విడిచిపెడతాడు. మేలు పొందిన క్షణంలో స్తుతి నోటికి దానంతట అదే వస్తుంది. కష్టంలో, జవాబు దొరకని ప్రశ్నల నడుమ పలికే స్తుతి అలా రాదు. “స్తుతిలో శక్తి ఉంది” అని క్రైస్తవులు అన్నప్పుడు ఎక్కువగా ఈ రెండవ రకం స్తుతినే ఉద్దేశిస్తారు. అయితే ఆ శక్తి ఎటువంటిదన్న విషయంలో క్రైస్తవులలోనే భిన్నాభిప్రాయాలున్నాయి.

పదం, అర్థం

హీబ్రూ మూలంలో దీనికి ఆధారమైన పదం ‘తోదా’. ‘ఒప్పుకొనుట’, ‘కృతజ్ఞత తెలుపుట’ అనే అర్థాలున్న ‘యాదా’ ధాతువు నుండి ఇది పుట్టింది. ఆదికాండము 29:35లో లేయా తన నాలుగవ కుమారునికి యూదా అని పేరు పెట్టిన సందర్భంలో కూడా ఇదే ధాతువు ప్రస్తావనకు వస్తుంది. నేటి హీబ్రూ భాషలో ధన్యవాదాలు చెప్పడానికి వాడే మాట కూడా ‘తోదా’యే. స్తుతిని సూచించే మరొక ధాతువు ‘హలల్’. ‘హల్లెలూయా’ అన్న మాట దీని నుండే వచ్చింది. ‘యాహ్‌ను (అనగా యెహోవాను) స్తుతించండి’ అని దాని అర్థం.

తెలుగు అనువాదకులు స్తుతి, స్తోత్రము, యాగము, బలి అనే పదాలను ఎన్నుకున్నారు. ఇవన్నీ వైదిక సంప్రదాయంలో ముందునుండీ ఉన్న మాటలే. తెలుగు క్రైస్తవుల నోట ‘స్తోత్రం’ అన్నది క్రమంగా ఒక గ్రంథ విశేషాన్ని గాక, దేవునికి కృతజ్ఞత తెలిపే ఒక పలుకును సూచించే మాట అయింది.

లేవీయకాండములో కృతజ్ఞతార్పణ

తోదా మొదట ఒక భోజనం. లేవీయకాండము 7:12-15లో దీని విధి ఉంది. సమాధానబలిలో ఇది ఒక రకం. జంతువుతో పాటు నూనె కలిపిన పొంగని రొట్టెలు, పలుచని అప్పడాల వంటివి, వాటితో పాటు పులిసిన రొట్టెలు కూడా తేవాలి. ఇతర సమాధానబలుల మాంసాన్ని రెండవ రోజు కూడా తినవచ్చు. కృతజ్ఞతార్పణ మాంసాన్ని మాత్రం ఆ రోజే తినాలి, ఉదయానికి మిగల్చరాదు. ఒక కుటుంబం అంత మాంసాన్ని, అన్ని రొట్టెలను ఒక్క రోజులో తినడం సాధ్యం కాదు. బంధువులను, పొరుగువారిని పిలవవలసిందే. పిలిచినప్పుడు ఎందుకు పిలిచారో చెప్పవలసిందే. ఈ నియమం ఉద్దేశం అదేనని వ్యాఖ్యాతలు పలువురు వివరించారు. మేలు పొందినవాడు తన ఇంట ఒంటరిగా కృతజ్ఞత చెప్పుకొని ఊరుకోవడం తోదా కాదు.

107వ కీర్తనలో నాలుగు రకాల మనుషులు కనిపిస్తారు: ఎడారిలో దారి తప్పినవారు, చెరలో ఉన్నవారు, రోగంతో మరణద్వారం దాకా వెళ్ళినవారు, తుఫానులో చిక్కిన నావికులు. కృతజ్ఞతార్పణ ఎవరు తెచ్చేవారో ఊహించడానికి ఈ కీర్తన బాగా తోడ్పడుతుంది. లేవీయకాండముపై యూదుల ప్రాచీన వ్యాఖ్యానమైన వాయిక్రా రబ్బాలో, రాబోవు కాలంలో బలులన్నీ ఆగిపోయినా తోదా ఒక్కటి ఆగదనే అభిప్రాయం నమోదై ఉంది.

బలిపీఠం నుండి పెదవులకు

జంతువు లేకుండా స్తుతి ఒక్కటే బలి కాగలదన్న ఆలోచన పాతనిబంధనలోనే మొదలైంది. 50వ కీర్తనలో దేవుడు, కొండలమీది పశువులన్నీ తనవే అయినప్పుడు మీ కోడెలతో నాకేమి పని అన్న భావంతో మాట్లాడి, స్తుతియాగాన్ని కోరతాడు. హోషేయ 14:2లో ఎడ్లకు బదులుగా పెదవులను అర్పించే మాట ఉంది. గ్రీకు అనువాదమైన సెప్తువజింతులో ఇదే వాక్యం ‘పెదవుల ఫలము’ అని మారింది. హెబ్రీ పత్రిక రచయిత గ్రీకు పాఠాన్నే అనుసరించాడు. తెలుగులో అది ‘జిహ్వాఫలము’ అయింది, చక్కని సమాసం.

హెబ్రీ పత్రికలో 15వ వచనం దగ్గర ఆగిపోయేవారే ఎక్కువ. వెంటనే వచ్చే 16వ వచనం ఉపకారం చేయడాన్ని, ఉన్నది ఇతరులతో పంచుకోవడాన్ని కూడా అదే బలుల వరుసలో చేర్చింది. అంతకు కొన్ని శతాబ్దాల ముందే ఆమోసు ప్రవక్త (5:21-24), న్యాయం లేని చోట పాటల ధ్వని దేవునికి అసహ్యమని మరింత కటువుగా చెప్పాడు.

శ్రమలో స్తుతి

కీర్తనల గ్రంథానికి హీబ్రూలో ‘తెహిల్లీమ్’ అని పేరు, అనగా స్తుతులు. కాని అందులోని 150 కీర్తనలలో సుమారు మూడవ వంతు విలాపాలు. వీటిలో చాలా వరకు మొరతో మొదలై స్తుతితో ముగుస్తాయి. 22వ కీర్తన దేవుడు విడిచిపెట్టాడన్న కేకతో ఆరంభమై, సమాజం మధ్య స్తుతిగా మారుతుంది. 88వ కీర్తన మాత్రం చీకటిలోనే ముగుస్తుంది. దానినీ ‘స్తుతులు’ అనే గ్రంథంలోనే చేర్చడం గమనించదగినది. మొరపెట్టుకోవడం స్తుతికి విరుద్ధం కాదని ఆ గ్రంథాన్ని కూర్చినవారు భావించారన్నమాట.

యోనా (2:9) చేప కడుపులో ఉండగానే, ఇంకా బయటపడకముందే, కృతజ్ఞతాస్తుతులతో బలి అర్పిస్తానంటాడు. హబక్కూకు (3:17-18) అంజూరపు చెట్టు పూయకపోయినా, ద్రాక్ష ఫలించకపోయినా, సాలలో పశువులు లేకపోయినా ఆనందిస్తానంటాడు. పోయిన వాటి జాబితా అంతా చెప్పిన తరువాతనే అతడు ఈ మాట అంటాడు. ఒక రైతు కుటుంబానికి ఆ జాబితాలో మిగిలేదేమీ లేదు.

ఆధునిక యుగంలో ఇందుకు ఉదాహరణగా జర్మను పాదిరి మార్టిన్ రింకార్ట్‌ను చెప్పవచ్చు. ఇతడు ముప్పై ఏళ్ళ యుద్ధకాలంలో సాక్సనీలోని ఐలెన్‌బర్గ్ పట్టణంలో పనిచేశాడు. గోడలున్న పట్టణం కావడంతో శరణార్థులు అందులో కిక్కిరిశారు. 1637లో తెగులు వ్యాపించింది. తోటి పాదిరులు లేకపోగా, రింకార్ట్ ఒక్కడే 4 వేలకు పైగా శవాలకు అంత్యక్రియలు జరిపాడు. వాటిలో అతని భార్య శవమూ ఒకటి. జర్మను భాషలో మిక్కిలి ప్రసిద్ధమైన కృతజ్ఞతా గీతం, నేటికీ అనేక భాషలలో పాడబడేది, ఇతని రచనే. యుద్ధం ముగిసిన సంతోషంలో వ్రాశాడని చెప్పే కథ ఒకటి ప్రచారంలో ఉంది. కాని ఈ గీత రచనాకాలాన్ని 1636 ప్రాంతంగా చెబుతారు. వెస్ట్‌ఫాలియా సంధి కుదిరినది 1648లో. భోజనానికి ముందు ఇంటివారు చెప్పుకొనే ప్రార్థనగా దీనిని వ్రాశాడు.

స్తుతికి గల శక్తి: భిన్నాభిప్రాయాలు

స్తుతి శక్తిని బోధించేవారు ముఖ్యంగా రెండు బైబిలు ఘట్టాలను చూపుతారు. ఒకటి, యెహోషాపాతు రాజు సైన్యానికి ముందు గాయకులను నడిపించగా శత్రువులు తమలో తామే నశించడం (2 దినవృత్తాంతములు 20). రెండవది, పౌలు, సీల ఫిలిప్పీ చెరసాలలో అర్ధరాత్రి కీర్తనలు పాడుతుండగా భూకంపం వచ్చి తలుపులు తెరుచుకోవడం (అపొస్తలుల కార్యములు 16). వీటిని బట్టి, స్తుతిస్తే కార్యం జరుగుతుందని కొందరు బోధిస్తారు.

ఈ ఘట్టాలను పూర్తిగా చదివితే అర్థం కొంత మారుతుంది. యెహోషాపాతు గాయకులు పాడినది విజయాన్ని రాబట్టడానికి కాదు. విజయవాగ్దానం ముందురోజే యహజీయేలు ద్వారా వచ్చింది, పాట దానికి సమ్మతి. ఫిలిప్పీలో తలుపులు తెరుచుకున్నా పౌలు, సీల బయటికి పోలేదు. ఖైదీలు పారిపోయారనుకొని ఆత్మహత్యకు సిద్ధపడిన చెరసాల నాయకుణ్ణి ఆపారు. ఆ రాత్రి విడుదల పొందినవారిలో మొదటివాడు అతడే అనవచ్చు. తరువాతి కాలంలో అదే ఫిలిప్పీ సంఘానికి పౌలు వ్రాసిన పత్రిక సంతోషాన్ని పదే పదే ప్రస్తావిస్తుంది. దానిని కూడా అతడు బంధకాలలో ఉండే వ్రాశాడు. ఈసారి భూకంపం రాలేదు.

అమెరికా సైన్యంలో పాదిరిగా పనిచేసిన మెర్లిన్ కారథర్స్ 1970లో ప్రకటించిన ‘ప్రిజన్ టు ప్రెయిజ్’ అనే పుస్తకం ఈ చర్చను విస్తృతం చేసింది. జరిగే ప్రతిదాని కోసం, కీడు కోసం సైతం దేవుణ్ణి స్తుతించాలని అతని బోధ. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 5:20 ‘సమస్తమును గూర్చి’ కృతజ్ఞత చెప్పమంటుంది, 1 థెస్సలొనీకయులకు 5:18 ‘ప్రతి విషయములో’ చెప్పమంటుంది. మొదటి వచనాన్ని బట్టి కారథర్స్ వాదాన్ని సమర్థించేవారు ఉన్నారు. కీడులో ఉండి స్తుతించడం వేరు, కీడునే మేలని స్తుతించడం వేరని విమర్శకుల వాదన. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో ఆ మరణం కోసం స్తుతించమనడం ఆమెను రెండుసార్లు గాయపరచడమే. విలాప కీర్తనలు ఆమెకు కూడా ఆరాధనలో చోటిచ్చాయి.

ఆరాధనా క్రమాలలో

బితూనియా అధిపతి ప్లినీ క్రీ.శ. 112 ప్రాంతంలో చక్రవర్తి త్రాజానుకు వ్రాసిన లేఖలో, క్రైస్తవులు తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవునిగా ఎంచి కీర్తన పాడతారని తెలిపాడు. ప్రభురాత్రి భోజన సంస్కారానికి గల ‘యూకరిస్తు’ అనే గ్రీకు పేరుకు కృతజ్ఞతాస్తుతి అనే అర్థం. రోమను కాథలిక్కుల పూజలోని ప్రాచీన ప్రార్థనలోను, 1549 నాటి ఆంగ్లికను ప్రార్థన పుస్తకంలోను స్తుతియాగం అన్న పదబంధం ఉంది. పూజ పాపపరిహారార్థమైన బలి కూడా అని కాథలిక్కులు, సిలువబలి ఒక్కసారే జరిగింది గనుక సంఘం అర్పించగలది స్తుతియాగమే అని సంస్కరణవాదులు వాదించారు.

తెలుగు క్రైస్తవులలో

పురుషోత్తమ చౌదరి (1803-1890) మొదలైన కవులు కర్ణాటక రాగతాళాలలో, పల్లవి, అనుపల్లవి, చరణాలతో కీర్తనలు రచించారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అనే సంకలనంలో కీర్తనకు పైన రాగం, తాళం ముద్రించి ఉంటాయి. ఇది లూథరన్, బాప్టిస్టు, దక్షిణ ఇండియా సంఘాలలో వాడుకలో ఉంది. భక్త సింగ్ (1903-2000) స్థాపించిన హైదరాబాదులోని హెబ్రోను, దాని సహవాస సంఘాలు ‘సీయోను గీతములు’ పాడతాయి. ఈ సంఘాలలో ఆదివారం ప్రభువు బల్లకు ముందు విశ్వాసులు ఒకరి తరువాత ఒకరు లేచి స్తుతి చెల్లించే సమయం చాలాసేపు సాగుతుంది. పెంతెకొస్తు సంఘాలలో అందరూ ఒక్కసారిగా గొంతెత్తి స్తుతించడం పరిపాటి. డోలక్, తాళాలు, హార్మోనియం ఉన్నచోట ఇప్పుడు కీబోర్డు, డ్రమ్స్ ఎక్కువగా వినిపిస్తున్నాయి.

లేవీయకాండపు తోదాకు అన్నిటికన్నా దగ్గరగా ఉండేది మాత్రం కృతజ్ఞతా కూడిక. గృహప్రవేశం, ఉద్యోగం, ఆపరేషను తరువాత కోలుకోవడం వంటి సందర్భాలలో బంధువులను, సంఘస్థులను ఇంటికి పిలిచి, జరిగిన మేలును అందరి ఎదుట సాక్ష్యంగా చెప్పి, ప్రార్థన తరువాత భోజనం పెడతారు. రెండింటికీ నేరుగా చారిత్రక సంబంధం ఉందనడానికి లేదు గాని పోలిక స్పష్టం. కోత పండుగ నాడు ధాన్యం, కూరగాయలు, కోళ్ళు గుడికి తెచ్చి అర్పించి, వేలం వేసి ఆ సొమ్మును సంఘానికి జమ చేయడం గ్రామాలలో చూడవచ్చు. మరణించినవారి జ్ఞాపకార్థం జరిపే కూడికను కూడా కొన్ని కుటుంబాలు కృతజ్ఞతా కూడిక అనే పిలుస్తాయి. ఆ రోజు కృతజ్ఞత చెప్పేది మరణం కోసం కాదు, ఆ వ్యక్తి తమతో గడిపిన సంవత్సరాల కోసం.