గాజు పెట్టెలో ఓడెక్కిన మొక్కలు

1834 ఫిబ్రవరిలో సిడ్నీ రేవులో కెప్టెన్ చార్లెస్ మల్లార్డ్ తన ఓడ మీదికి రెండు గాజు పెట్టెలు ఎక్కించుకున్నాడు. లోపల ఆస్ట్రేలియా మొక్కలు. వాటిని మట్టిలో నాటిననాడు అక్కడి వేడి 32 నుంచి 38 డిగ్రీలు. కేప్ హార్న్ చుట్టి వచ్చేటప్పుడు మైనస్ 7కి పడిపోయి, ఓడ పైతట్టు మీద అడుగు మందాన మంచు పేరుకుంది. రియో డి జనీరోలో మళ్లీ 38. భూమధ్యరేఖ దాటేటప్పుడు 49. ఇంగ్లిష్ ఛానెల్‌లోకి వచ్చేసరికి నవంబరు చలి, 4 డిగ్రీలు. ఆ ఎనిమిది నెలల్లో ఎవరూ వాటికి చుక్క నీరు పోయలేదు. పెట్టెలు తెరిస్తే మొక్కలు పచ్చగా ఉన్నాయి, దారిలో మట్టిలోంచి కొత్త మొలకలు కూడా లేచాయి. బ్రిటన్‌లో అంతవరకు బతికున్నదాన్ని ఎవరూ చూడని ఒక ఫెర్న్ కూడా వాటిలో ఉంది.

ఆ పెట్టెలను ముందు సిడ్నీకి పంపినవాడు తూర్పు లండన్‌లో వైద్యం చేసుకునే నథానియల్ బాగ్షా వార్డ్. ఆయనకు ఫెర్న్‌లంటే ప్రాణం. పెరట్లో రాళ్లు పేర్చి పెంచితే బొగ్గు పొగకు అన్నీ మాడిపోయాయి. 1829లో ఒక చిమ్మట ప్యూపాను తడిమట్టిలో పాతి, వెడల్పు మూతి సీసాలో పెట్టి మూత బిగించాడు. అది రెక్కలు విప్పుకుని రావడం చూడాలని ఆశ. కొన్నాళ్లకు ఆ మట్టిలో ఒక ఫెర్న్, ఒక గడ్డిపరక తలెత్తాయి. చిమ్మట సంగతి అంతటితో వెనకబడింది. పొగకు చచ్చే మొక్క సీసాలో ఎలా బతికిందన్నదే ఇప్పుడు ప్రశ్న. ఆ సీసాను కిటికీ బయట పెడితే దాదాపు నాలుగేళ్లు బతికాయి. మూత తుప్పుపట్టి వాననీరు దిగాకే చచ్చాయి.

కిటుకు నీటి తిరుగుడులో ఉంది. పగలు ఆకులూ మట్టీ వదిలిన ఆవిరి చల్లటి గాజుకు తగిలి బొట్లు కడుతుంది, జారి మళ్లీ మట్టిలోకే దిగుతుంది. గాజు వెలుగును రానిస్తుంది, ఉప్పునీటి తుంపరనూ మసినీ రానివ్వదు. పెట్టె పూర్తిగా గాలి చొరనిది కాదని వార్డే చెప్పాడు. చెక్క అతుకుల గుండా కొద్దిగా గాలి ఆడుతుంది, తేమ మాత్రం పెద్దగా పోదు. ఓడకు పనికొచ్చే రూపం మోటుగానే ఉండేది: మందపాటి చెక్క, ఇంటి కప్పులా వాలుగా రెండు గాజు పలకలు, అవి పగలకుండా పైన చెక్కబద్దలో తీగవలో. ఓడ ఊగినప్పుడు మట్టి దొర్లకుండా అడ్డంగా పట్టీలు బిగించేవారు.

దీనికి ముందు మొక్కలను ఓడలో తేవడమంటే జూదమే. మంచినీళ్లు మనుషులకే కొలిచి పోసేవారు, మొక్కల మొహం చూసేదెవరు? లండన్ నర్సరీ యజమాని జార్జ్ లాడిజెస్ లెక్కలో అంతకుముందు ఇరవైకి పందొమ్మిది చచ్చేవి, పెట్టె వచ్చాక ఇరవైకి పందొమ్మిది బతికాయి. 1780ల్లో మన సామర్లకోటలో వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ మిరియాలు, కాఫీ, దాల్చిన, సీమపనసలతో తోట వేసి ప్రయోగాలు చేశాడు. ఆయనకు ఈ పెట్టె లేదు. దానికి తోడు 1787లో ఈ తీరాన్ని ముంచిన ఉప్పెనలో ఆయన కాగితాలూ సేకరణలూ పోయాయి.

పెట్టె చేతికి అందాక బ్రిటిష్ సామ్రాజ్యం దాన్ని ఊరికే ఉంచలేదు. మొక్కల వేటగాడు రాబర్ట్ ఫార్చ్యూన్ 1848 నుంచి చైనా తేయాకును హిమాలయ పాదాల తోటలకు తరలించాడు. మల్బరీ మొక్కల మధ్య మట్టిలో టీ గింజలు చల్లి, ఓడలోనే మొలకెత్తించిన తెలివి అతనిది. దీన్ని సాహసంగా చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి, నాకైతే సగం దొంగతనంగానే కనిపిస్తుంది. 1860లో బ్రిటిష్ అధికారి క్లెమెంట్స్ మార్కమ్ మలేరియా మందు కోసం పెరూ నుంచి సింకోనా మొక్కలు తెస్తే, ఎర్రసముద్రపు వేడికి పెట్టెల్లోనే కమిలాయి. కొన్ని కొన ఊపిరితో నీలగిరులు చేరినా నిలవలేదు. మరుసటేడు తోటమాలి రాబర్ట్ క్రాస్ తెచ్చినవే అక్కడ నిలదొక్కుకున్నాయి. ఆవిరి బయటికి పోనివ్వని గాజు వేడినీ పోనివ్వదు. కప్పు మీద నీడ లేకపోతే అదే పెట్టె పొయ్యి అవుతుంది.

విమానాలూ పాలిథిన్ సంచులూ వచ్చాక పెట్టెకు పని తగ్గింది. లండన్ క్యూ తోటలకు చివరి పెట్టె 1962లో ఫిజీ నుంచి వచ్చింది.

వార్డ్ పెట్టె ప్రయాణాన్ని దాటించింది గాని, దిగిన చోట ఏం చేయాలో చెప్పలేదు. ఆ లెక్క ఇప్పటికీ మనదే. కడియం నర్సరీల లారీలు మన ఎలమంచిలి మీదుగా ఉత్తరానికి పోతూ షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్కలను దించిపోతుంటాయి. వాటిలో ఏళ్ల తరబడి తొట్టిలోనే ఉండిపోయిన సంపెంగ ఒకటి ఉందనుకోండి. షేడ్‌నెట్ ఎండను తగ్గిస్తుంది, గాజూ పాలీహౌస్ రేకూ సూర్యుడి అతినీలలోహిత కిరణాల్లో బి రకాన్ని చాలావరకు ఆపేస్తాయి. అక్కడ పెరిగిన ఆకు మీద మైనపు పొర పలచన, ఎండను తట్టుకునే రసాయనాలు తక్కువ. ఒక్కసారిగా ఎండలోకి లాగితే ఆకులు తెల్లబారి, గోధుమరంగుకు తిరిగి రాలిపోతాయి. కమిలిన ఆకు కోలుకోదు, కొత్త ఆకే రావాలి. అందుకే మొదట చెట్టు నీడన, తర్వాత ఉదయపు ఎండలో, రెండు మూడు వారాలు తీసుకుని బయటికి తేవాలి. గాలి తగలని కాండం పొడుగ్గా, బలహీనంగా సాగుతుంది. రోజూ కాస్త ఊగితేనే లావెక్కుతుంది.

ఎలమంచిలిలో చలి చెట్టును చంపదు. సున్నాకు చేరువయ్యే చలి కావాలంటే లంబసింగి ఎక్కాలి. ఇక్కడ అక్టోబరు, నవంబరుల్లో తుఫాను, ఆ తర్వాత వాన లేని పొడిగాలి, ఈ రెంటి నుంచే కాపాడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. అలాంటి గాలికి మొదట పడేది వేరు సరిగా పరచుకోని చెట్టు. తొట్టి గోడ వెంట చుట్టలు చుట్టుకున్న వేరు నేలలో పెట్టినా అదే చుట్టులో తిరుగుతుంది, పట్టు దొరకదు. కాబట్టి నాటేముందు వేరుముద్ద పక్కలను కత్తితో నిలువునా నాలుగు చోట్ల చీల్చి, వేళ్లను విడదీయాలి. గుంత వెడల్పుగా తవ్వాలి గాని, వేరుముద్ద కంటే లోతుగా వద్దు. మొదలు మట్టిలో కూరుకుపోతే బెరడు కుళ్లుతుంది. తొలకరిలో నాటితే తుఫానుల లోపు వేరుకు మూడు నాలుగు నెలలు దొరుకుతాయి. మొదలుకు అంటకుండా చుట్టూ ఎండాకులు పరిచి, డిసెంబరు నుంచి వారానికోసారైనా పాదు నిండా నీరు పెట్టాలి.

ఊతానికి చెరోపక్కా ఒక కర్ర పాతి, పాత గుడ్డపీలికతో వదులుగా, కాండం మూడో వంతు ఎత్తులో కడితే చాలు. పైభాగం ఊగనివ్వాలి. రెండో ఏడు తొలకరికి కట్టు విప్పేయండి. మరిచిపోతే అది బెరడులోకి దిగబడి, తుఫాను రాకముందే చెట్టును అక్కడే కోసేస్తుంది.