జంతికల గొట్టము నుండి విద్యుత్ తీగ వరకు

రేడియో నుండి గోడ మీది ప్లగ్గు వరకు సాగు తీగను మనము నిత్యము తాకుచునే యుందుము. అందు ప్రవహించు విద్యుత్తునకును మన వ్రేళ్లకును నడుమ నున్నది పలుచని ప్లాస్టిక్ తొడుగు మాత్రమే. ఈ తొడుగునకు కుట్టు లేదు, అతుకు లేదు. వంద మీటర్ల చుట్టలో ఎచ్చటను సూదిబెజ్జమంత లోపమైనను ఉండరాదు. ఇట్టి తొడుగును తీగకు ఎట్లు తొడుగుదురు? ఈ ప్రశ్నకు సమాధానము మన వంటయింటిలోనే కలదు.

జంతికల గొట్టములో పిండి పెట్టి అదిమినచో, బిళ్లకు ఏ ఆకారపు చిల్లున్నదో ఆ ఆకారమే పొడవుగా వెలువడును. నక్షత్రపు చిల్లు నుండి ముళ్ల జంతిక, సన్నని చిల్లుల నుండి కారప్పూస వచ్చును. మెత్తని పదార్థమును ఇట్లు అచ్చుగుండా అదిమి తీయు పద్ధతినే పరిశ్రమలలో ఎక్స్‌ట్రూజన్ అందురు. నీటి గొట్టములు, కారు తలుపు అంచున నుండు రబ్బరు పట్టీలు, సైకిలు ట్యూబులు ఈ విధముగనే రూపొందుచున్నవి.

ఈ పద్ధతి ప్లాస్టిక్కుల కంటె పాతది. 1797లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా సీసపు గొట్టములను అదిమి తీయు యంత్రమునకు పేటెంటు పొందెను. పిదప టెలిగ్రాఫు తీగలకు గట్టాపెర్చా యను చెట్టుపాల పదార్థమును తొడుగ నారంభించిరి. దానిని పట్టీలుగా చుట్టి అదిమినపుడు అతుకు విడి, తేమ లోనికి దిగి, వార్త నిలిచిపోయెడిది. 1847లో జర్మనీలో వెర్నర్ సీమెన్స్ అతుకు లేకుండ తీగ చుట్టును ఆ పదార్థమును పోయు యంత్రమును నిర్మించెను. 1851లో డోవర్, కాలే పట్టణముల నడుమ సముద్రగర్భమున వేసిన కేబులుకు గట్టాపెర్చాయే రక్షణ.

అయినను జంతికల గొట్టమునకు ఒక లోపము కలదు. పిండి అయిపోగానే ఆపి మరల నింపవలెను. ఈ చిక్కును మరచుట్టు తీర్చినది. నేటి యంత్రములో ఇనుప గొట్టము లోపల పొడవైన మర తిరుగుచుండును. ఒక కొసనున్న తొట్టి నుండి ప్లాస్టిక్ గుళికలు మర గాళ్లలో పడి ముందుకు సాగును. ముందుకు పోయిన కొలది ఆ గాళ్ల లోతు తగ్గును. బయటి వేడికి లోపలి రాపిడి తోడై గుళికలు కరగి, ముద్దయై, అచ్చును చేరును. తీగల తొడుగునకు వాడు పి.వి.సి.కి సుమారు 150 నుండి 190 సెంటిగ్రేడు డిగ్రీల వేడి వలయును. వేడి చాలనిచో తొడుగు గరుకుగా వచ్చును. మితిమీరినచో పదార్థము విచ్ఛిన్నమై ఆమ్లవాయువును వెలువరించును.

రాగితీగ అచ్చు నడుమ నుండి పోవుచుండగా కరగిన ప్లాస్టిక్ దాని చుట్టును కప్పుకొనును. వెంటనే నీటి తొట్టిలో చల్లారి గట్టిపడును. అచ్చు దాటిన పదార్థము కొంత ఉబ్బును గనుక, ముందున్న చక్రములు దానిని తగిన వేగముతో లాగుచుండును. వేగము తప్పినచో మందము తప్పును. తీగ ఒక ప్రక్కకు ఒరిగినచో ఆ ప్రక్క తొడుగు పలుచనై ప్రమాదమునకు దారితీయును. అందుచేత తొడుగు మీద వేల వోల్టుల విద్యుత్తును ప్రయోగించి పరీక్షింతురు. చిల్లున్న చోట నిప్పురవ్వ లేచి లోపము బయటపడును.

రబ్బరు నడక దీనికి విరుద్ధము. ప్లాస్టిక్ వేడితో మెత్తబడి, చల్లారి రూపు నిలుపుకొనును. మైనము వలె దానిని మరల కరగింపవచ్చును. గంధకము కలిపిన రబ్బరును యంత్రములో మితమైన వేడిలోనే నడపుదురు. లేనిచో లోపలనే బిగిసిపోవును. రూపము వచ్చిన పిమ్మటనే ఆవిరిలోనో వేడిగాలిలోనో ఉడికింతురు. గంధకముతో వేడి చేసిన రబ్బరునకు కలుగు ఈ దృఢత్వమును 1839లో అమెరికాలో చార్లెస్ గుడియర్ కనుగొనెను. నూనెలో వేగిన జంతిక మరల పిండి కానట్లే, ఉడికిన రబ్బరు తిరిగి ముద్ద కానేరదు.

ఎంత జాగ్రత్తగ చేసిన తొడుగైనను శాశ్వతము కాదు. పాత రబ్బరు తొడుగు ఏండ్లు గడచిన కొలది పెళుసెక్కి పగులును. వేడి తగులుచుండు పి.వి.సి. తొడుగు బిరుసెక్కును. వంచినపుడు చిట్లు తీగను, లోని రాగి కనబడు తీగను పట్టీ చుట్టి వాడుటకంటె మార్చుటయే మేలు. క్రొత్త తీగ కొనునపుడు ఐ.ఎస్.ఐ. ముద్రను చూచుట మరువరాదు. ఇంటిల్లిపాది ప్రాణములకు కాపుగా నున్నది ఆ పలుచని తొడుగే గదా!