రాజాలయములో స్మారకాలు, సంప్రదాయాలు: రాతిమీది పేరు, మనుష్యులమీది బాధ్యత

1. పరిచయము

బేతేలు యాజకుడైన అమజ్యా ఆమోసు ప్రవక్తను అక్కడనుండి వెళ్ళగొట్టిన సంఘటన ఆమోసు గ్రంథము ఏడవ అధ్యాయములో మనము చదువుతాము. అమజ్యా చూపిన కారణం గమనార్హమైనది. ఆమోసు పలికినది అబద్ధమని అతడు అనలేదు. ఆ మాట పలకడానికి ఇది చోటు కాదన్నాడు. బేతేలు రాజుగారి ఆలయం గనుక అక్కడ రాజుకు వ్యతిరేకంగా ప్రవచించరాదని అతని వాదన. హెబ్రీ మూలములో ఇక్కడ కనిపించే పదము 'మిక్దాష్ మెలెక్', అనగా రాజు పరిశుద్ధస్థలము. 1611లో వెలువడిన ఇంగ్లీషు అనువాదకులు ఈ పదానికి 'చాపెల్' అనే మాట వాడారు.

'చాపెల్' అనే మాట చరిత్రను ఇక్కడ చెప్పుకోవడం అవసరం. నాల్గవ శతాబ్దపు టూర్స్ మార్టిన్ సైనికుడుగా ఉన్నప్పుడు చలికి వణుకుతున్న బిచ్చగానికి తన పైవస్త్రాన్ని రెండుగా కోసి సగము ఇచ్చాడని సంప్రదాయం. ఆ వస్త్రముగా ఎంచబడినదానిని తరువాత ఫ్రాంకు రాజులు తమయొద్ద భద్రపరచుకొని యుద్ధాలకు వెంట తీసుకొని వెళ్ళేవారు. లాటిన్‌లో చిన్న పైవస్త్రము 'కాపెల్లా'. దానిని కాపాడే యాజకులు 'కాపెల్లాని'. చాపెల్, చాప్లెయిన్ అనే రెండు మాటలూ దీనినుండే వచ్చాయి. బిచ్చగానికి కప్పిన గుడ్డ చివరకు రాజు ఆస్తి అయింది. రాజాలయము అనే వ్యవస్థలోని చిక్కు అంతా ఈ ఒక్క మాట చరిత్రలోనే ఉంది.

రాజు ఆలయములో తన జ్ఞాపకాన్ని ఎలా నిలుపుకొంటాడు? రాజు పోయిన తరువాత ఆ జ్ఞాపకాలలో ఏది మిగులుతుంది? ఈ రెండు ప్రశ్నలతో మూడు స్థలాలను పరిశీలిద్దాము. మొదటిది విజయనగర రాజుల అంతఃపురపు గుడి. రెండవది విజయనగర రాజులలోనే చెప్పుకోదగిన కృష్ణదేవరాయలు శాసనం వేయించిన సింహాచలం. ఇది మన చోడవరం ప్రాంతపు ప్రజలకు చిరపరిచితమైనది. మూడవది క్రైస్తవ రాజాలయాలలో ప్రసిద్ధమైన విండ్సర్.

2. హంపీలోని హజార రామాలయము

తెలుగువారు ఎరిగిన చరిత్రలో 'రాజు సొంత గుడి' అనదగినది హంపీలోని హజార రామాలయము. పదిహేనవ శతాబ్దపు మొదటి భాగములో, దేవరాయల కాలంలో, రాజప్రాసాదాల ఆవరణలోనే దీనిని నిర్మించారు. 'హజార' అంటే వెయ్యి గనుక వెయ్యి రామమూర్తుల గుడి అని కొందరు అర్థం చెబుతారు. తెలుగులో 'హజారము' అంటే రాజభవనపు ముంగిటి చావడి. కాబట్టి 'రాజు వాకిటి రామాలయము' అన్న అర్థం దీనికి చక్కగా సరిపోతుంది.

ఆ గుడి ప్రాకారము వెలుపలి గోడమీద ఏనుగులు, గుర్రాలు, సైనికులు, నాట్యగత్తెలు వరుసలుగా సాగుతారు. లోపలి గర్భాలయపు గోడలమీద రామాయణ కథ వరుసలుగా చెక్కబడి ఉంది. వెలుపల రాజు ఊరేగింపు, లోపల రాముని కథ. చూచేవాని మనస్సులో రెండూ కలిసిపోవాలన్నదే ఈ ఏర్పాటు ఉద్దేశము. రాజు పేరు చెప్పకుండానే రాజును స్మరింపజేసే విధానము ఇది.

1565లో తళ్ళికోట యుద్ధము తరువాత విజయనగరము కూలిపోయింది. రాజప్రాసాదాలతో పాటు హజార రామాలయములో పూజ ఆగిపోయింది. నేడు అది పురావస్తు శాఖ కాపాడుతున్న కట్టడము. 1986లో యునెస్కో గుర్తింపు పొందిన హంపీ కట్టడాల సముదాయములో ఒక భాగము. శిల్పాలు ఉన్నాయి గాని, ఆరాధించే సమాజము లేదు.

అదే హంపీలో విరూపాక్షాలయము మాత్రం నేటికీ పూజలందుకుంటున్నది. కృష్ణదేవరాయలు తన పట్టాభిషేక సందర్భంలో అక్కడ రంగమండపము కట్టించాడు. అయినా ఆ గుడి రాజుతో పుట్టినది కాదు, రాజుతో పోయినదీ కాదు. యాత్రికులు, వ్యాపారులు, చుట్టుప్రక్కల గ్రామాలవారు దానిని తమదిగా ఎంచారు. ఒకే పట్టణములో, ఒకే విపత్తులో, ఒక గుడి ఆగిపోయి మరొకటి నిలవడము మనకు ఆలోచన కలిగించవలసిన విషయము.

3. సింహాచలము: శాసనాలు చెప్పేది

పూర్వపు విశాఖపట్నం జిల్లాలో, అనగా 2022లో అనకాపల్లి జిల్లా వేరుపడక ముందు చోడవరం కూడా చేరియున్న జిల్లాలో, రాజుల జ్ఞాపకాలు అత్యధికముగా నిలిచిన ఆలయము సింహాచలము. ఇది అంతఃపురపు గుడి కాదు. కాని చోళులు, తూర్పు గాంగులు, విజయనగర రాజులు, ఆ తరువాత విజయనగరం పూసపాటివారు వరుసగా ఈ కొండతో తమ పేరును ముడివేసుకొన్నారు. స్తంభాలమీద, గోడలమీద వందలాది శాసనాలు ఉన్నాయి.

ఇక్కడ దొరికిన మొదటి శాసనము పదకొండవ శతాబ్దము చివరిది. చోళరాజు కులోత్తుంగుని పాలనాకాలమునకు చెందినదే గాని, దానిని వేయించినవాడు రాజు కాదు. ఒక మామూలు వ్యక్తి. రాజుల గుడిగా ప్రసిద్ధి పొందిన స్థలములో మొదటి అక్షరము సామాన్యునిది కావడము గమనించాలి. తరువాత పదమూడవ శతాబ్దములో, కోణార్క నిర్మాతయైన తూర్పు గాంగ నరసింహదేవుని కాలంలో, ఆలయము నేటి రూపానికి దగ్గరైన పునర్నిర్మాణము పొందింది.

కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో గజపతి ప్రతాపరుద్రునిపై విజయము పొంది 1516లో సింహాచలము వచ్చాడు. 1519లో మరల వచ్చాడు. 1516 నాటి శాసనము ప్రకారము రాణులు చిన్నాదేవి, తిరుమలదేవి కూడా వెంట ఉన్నారు. రాజు 991 ముత్యాల కంఠమాలను, ఇతర ఆభరణాలను సమర్పించాడు. ఈ దానము తన తల్లికి, తండ్రికి పుణ్యముగా ఇచ్చినట్లు చెప్పుకొన్నాడు. అనగా విజయస్తంభమువలె కనిపించే ఈ శాసనములో ఒక కుమారుడు తల్లిదండ్రులను స్మరించుకొనడము కూడా ఉంది. స్వామివారి నైవేద్యానికి గ్రామాలు కూడా ఇచ్చాడు.

ఆంధ్రదేశపు ఆలయ శాసనాలను శ్రద్ధగా చదివితే ఒక సంగతి స్పష్టమౌతుంది. వాటిలో దాత బిరుదావళి ఉంటుంది, నిజమే. కాని శాసనపు అసలు భాగము ఆ తరువాత మొదలౌతుంది. దీపానికి నెయ్యి ఎవరు పోయాలి, దానికి ఎన్ని పశువులు ఎవరికి అప్పగించారు, పూలతోట ఎక్కడ ఉంది, నైవేద్యానికి ఏ ఊరి పంట, ఎవరికి ఎంత జీతము అన్నది వివరముగా వ్రాస్తారు. సూర్యచంద్రులు ఉన్నంతకాలము ఇది నడవాలని, చెడగొట్టినవారికి పాపము తగులునని ముగిస్తారు. కాబట్టి ఇది సమాధిరాయి వంటిది కాదు. ఇంచుమించు ఒక ఒప్పందపత్రము. పేరు దాతది, పని రాబోయే తరాలది.

విజయనగర పతనము తరువాత పదహారవ శతాబ్దపు చివరి దశాబ్దాలలో సింహాచలములో కూడా పూజలు సన్నగిల్లాయి. 1604 నాటి శాసనము ప్రకారము, కుతుబ్ షాహీల కొలువులోని సేనానియైన సర్వప్ప అశ్వరాయుడు వాటిని తిరిగి నిలబెట్టాడు. ముస్లిము ప్రభువు కొలువులోని అధికారి, ముందటి రాజుల ఏర్పాట్లు చెడిపోగా వాటి బాధ్యతను తలకెత్తుకొన్నాడు. హజార రామాలయమునకు అటువంటి మనిషి దొరకలేదు.

4. సింహాచల సంప్రదాయాలు

శాసనాలు రాతిలో ఉంటే సంప్రదాయాలు మనుష్యులలో ఉన్నాయి. వరాహ లక్ష్మీనరసింహ స్వామి మూర్తి సంవత్సరమంతా చందనపు పూతలోనే ఉంటుంది. వైశాఖ మాసపు అక్షయ తృతీయ నాడు మాత్రమే ఆ పూతను తొలగించి నిజరూప దర్శనము కలిగిస్తారు. తిరిగి మూడు మణుగుల చందనము సమర్పిస్తారు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములలో మరి మూడేసి మణుగులు. మొత్తము పన్నెండు మణుగులు. చందనోత్సవమునాడు మొదటి దర్శనము ఆలయ అనువంశిక ధర్మకర్తలైన పూసపాటి వంశీయులది. 1948 చట్టముతో జమీందారీలు రద్దయినా ఈ మర్యాద రద్దు కాలేదు. 2020లో రాష్ట్ర ప్రభుత్వము ఆ వంశములోనే వేరొకరిని నియమించగా, 2021 జూన్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. రాజ్యము లేకపోయినా రాజమర్యాద న్యాయస్థానము వరకు వెళ్ళగలిగినంత బలముగా ఉంది.

అయితే ఏ రాజూ శాసనము వేయించని సంప్రదాయాలు కూడా ఉన్నాయి. సంతానము కోరేవారు కప్పస్తంభాన్ని కౌగిలించుకొంటారు. ఆషాఢ పౌర్ణమికి లక్షలాదిమంది సుమారు 32 కిలోమీటర్లు కొండచుట్టూ కాలినడకన ప్రదక్షిణ చేస్తారు. ఉత్తరాంధ్ర పల్లెలలో అప్పన్న, అప్పలస్వామి, అప్పలనర్సమ్మ, సింహాచలం అనే పేర్లు ఇంటింటా వినిపిస్తాయి. కృష్ణదేవరాయల శాసనాన్ని చదవగలిగినవారు కొద్దిమందే. కాని ఈ పేర్లు పలుకని ఊరు ఈ ప్రాంతములో ఉండదు. సింహాచలము నిలవడానికి కారణము మనకు ఇక్కడ కనిపిస్తుంది.

5. క్రైస్తవ రాజాలయము: విండ్సర్

ఇదే ప్రశ్నతో ఒక క్రైస్తవ రాజాలయమును చూద్దాము. ఇంగ్లాండులో మూడవ ఎడ్వర్డు 1348లో విండ్సర్ కోటలో సెయింట్ జార్జ్ కళాశాలను స్థాపించాడు. నేడు కనిపించే సెయింట్ జార్జ్ చాపెల్ కట్టడము 1475లో మొదలై 1528లో పూర్తయింది. గార్టర్ అనే రాజబిరుదు పొందినవారి ఆసనాలు అక్కడ ఉన్నాయి. సభ్యుడు చనిపోతే అతని పతాకాన్ని దించివేస్తారు, పేరు చెక్కిన లోహపు రేకు మాత్రము ఆసనముమీద ఉంచుతారు. ఎనిమిదవ హెన్రీ, మొదటి చార్లెస్, ఆరవ జార్జ్ అక్కడే సమాధి చేయబడ్డారు. 2022లో రెండవ ఎలిజబెత్ రాణిని కూడా అక్కడే ఉంచారు.

ఎనిమిదవ హెన్రీ తనకొరకు మహా వైభవమైన సమాధిని తలపెట్టాడు. అది పూర్తికాలేదు. దానికి సిద్ధపరచిన నల్లరాతి పెట్టె చివరకు నౌకాసేనాని నెల్సన్ సమాధికి వాడబడింది. హెన్రీ సమాధిస్థలము ఎక్కడో కూడా చాలాకాలము తెలియలేదు. 1813లో బయటపడింది. నేడు నేలమీద ఒక సాదా పలక మాత్రమే ఉంది.

మరొక ఏర్పాటు మాత్రము నిలిచింది. ఎడ్వర్డు తన కళాశాలలో యుద్ధాలలో సేవచేసి బీదరికములో పడిన యోధులకు వసతి కల్పించి, దినదినము ప్రార్థనకు హాజరుకావలెనని నియమించాడు. వారిని 'బీద నైట్లు' అనేవారు. 1547లో ఇంగ్లాండులో మృతుల ఆత్మలకొరకు పూజలు చేసే నిధులను చట్టముద్వారా రద్దుచేశారు. సంస్కరణ వేదాంతము ప్రకారము ఆ పూజలకు ఆధారము లేదు. అయినా బీద నైట్ల వసతి ఆగలేదు. హెన్రీ మరణశాసనములో వారికొరకు ఉంచిన ఏర్పాటును ఎలిజబెత్ రాణి అమలుపరచింది. 1833లో వారికి 'మిలిటరీ నైట్లు' అని పేరు మార్చారు. విశ్రాంత సైనికాధికారులైన వారు ఇప్పటికీ ఆదివారపు ఆరాధనకు వస్తారు. సిద్ధాంతము మారినా, బీదవానికి కట్టిన ఇల్లు నిలిచింది. రాజుకు తలపెట్టిన సమాధి నిలువలేదు.

6. వేదాంత పరిశీలన

పరిశుద్ధ గ్రంథములో రెండు రకాల స్మారకాలు ఎదురెదురుగా ఉన్నాయి. అబ్షాలోము తన పేరు నిలిపే కుమారుడు లేడని రాజు లోయలో తనకు తానే ఒక స్తంభము నిలుపుకొన్నాడు (2 సమూయేలు 18:18). ఆ స్తంభము అబ్షాలోము అనే పేరు తప్ప మరేమీ చెప్పదు. యొర్దాను దాటిన తరువాత యెహోషువ గిల్గాలులో పన్నెండు రాళ్ళు నిలిపించాడు (యెహోషువ 4). వాటిమీద ఎవరి పేరూ చెక్కినట్లు వాక్యము చెప్పదు. పిల్లలు ఈ రాళ్ళేమిటని అడుగునప్పుడు తండ్రులు జవాబు చెప్పవలెనన్నదే అక్కడి నియమము. మొదటి రాయి చూచేవానిని మౌనముగా నిలబెడుతుంది. రెండవది తండ్రికి పని అప్పగిస్తుంది.

ఈ తారతమ్యముతో చూస్తే మన మూడు స్థలాలూ ఒకే పాఠము చెబుతున్నాయి. రాజు ఘనతను మాత్రమే చూపిన స్మారకము రాజుతో ఆగింది. ఎవరికో ఒకరికి పని అప్పగించిన స్మారకము రాజు తరువాత కూడా నడిచింది. ఆ పనిని ప్రజలు తమదిగా ఎంచినచోట అది అన్నిటికంటె ఎక్కువకాలము నడిచింది. అయితే అమజ్యా మాట మరువరాదు. దానము పెద్దదైనకొలది ఆలయములో దాతకు వ్యతిరేకముగా మాట పలికే స్వేచ్ఛ తగ్గిపోయే ప్రమాదము ఉంది. బేతేలుకు వచ్చిన ముప్పు ధనము లేకపోవడము కాదు, ప్రవక్తకు చోటు లేకపోవడము.

7. మన సంఘాలకు అన్వయము

రాజులు లేని సంఘాలలో కూడా రాజాలయపు అలవాట్లు ఉంటాయి. మందిరములో ఫ్యాను రెక్కలమీద, బెంచీల వెనుక, గోడలోని పాలరాతి పలకలమీద దాతల పేర్లు చదువుతూనే ఉన్నాము. కృతజ్ఞత చూపడము తప్పు కాదు. సింహాచల శాసనము కూడా దాతపేరు దాచలేదు. కాని ఆ పేరు క్రింద ఒక పని వ్రాసి ఉంది. మన పలకల క్రింద ఏమి వ్రాసి ఉంది?

కాపరులు, సంఘ పెద్దలు ఆలోచించదగిన విషయాలు మూడు. మొదటిది, జ్ఞాపకార్థము ఇచ్చే కానుకతో పాటు ఒక బాధ్యతను కూడా నిర్ణయించడము: ఒక విద్యార్థి ఫీజు, ఒక వితంతువు నెలవారీ బియ్యము, సమాధులతోట శుభ్రత. రెండవది, పలక వేయించుకొనే శక్తి లేనివారిని కూడా స్మరించడము. తలుపులు తెరిచి గంట కొట్టినవారు, ఇంటింటికి నడిచి వాక్యము చెప్పిన బైబిలు స్త్రీలు, మందిరమునకు రాళ్ళు మోసిన కూలీలు ఏ పలకమీదా లేరు. సంఘ రిజిస్టరులో వారి పేర్లు, వారు చేసిన పని ఇప్పుడే వ్రాయించకపోతే, ఎరిగిన తరము గతించిన తరువాత వ్రాయించడము సాధ్యపడదు. మూడవది, ఎంత పెద్ద దాతయైనా ప్రసంగపీఠము అతనిది కాదని సంఘ నియమావళిలోనే స్పష్టపరచడము.

పిల్లలు ఒక పలకను చూపి ఇదేమిటని అడిగినప్పుడు, పేరు చదివి ఊరుకొనక, ఆ పేరుతో నేటికీ జరుగుతున్న పని ఒకటి చూపగలిగితే, ఆ పలక గిల్గాలు రాళ్ళ సరసన చేరుతుంది.