వలీమా విందు: మాంసం తూకం, ధర, ఒప్పందం

హలాల్ అనగానే సాధారణంగా మన దృష్టి జంతువును కోసే పద్ధతి మీదికి పోతుంది. ఎవరు కోశారు, దేవుని నామం ఉచ్చరించారా, రక్తం పూర్తిగా కారిపోయిందా అనేవి ముఖ్యమైన ప్రశ్నలే. కాని ఇస్లామీయ ధర్మశాస్త్రం, అనగా ఫిఖ్హ్, అంతటితో ఆగదు. ఆ మాంసం ఏ తూకంతో, ఏ ధరకు, ఎటువంటి ఒప్పందం మీద చేతులు మారిందో కూడా అది విచారిస్తుంది. హైదరాబాదు పాతబస్తీలో జరిగే వలీమా విందును ఉదాహరణగా తీసుకొని ఈ రెండవ అంశాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. విందు పరిమాణం

వివాహానంతరం వరుడు ఇచ్చే విందు వలీమా. వివాహమాడిన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్‌తో, కనీసం ఒక గొర్రెతోనైనా వలీమా ఇవ్వమని ముహమ్మద్ ప్రవక్త చెప్పినట్లు హదీసులు తెలుపుతున్నాయి. జైనబ్‌తో వివాహమైనప్పుడు ప్రవక్త రొట్టె, మాంసం వడ్డించారు. సఫియ్యాతో వివాహమైనప్పుడు ఖర్జూరాలు, ఎండు జున్ను, నెయ్యి మాత్రమే ఉన్నాయి, మాంసం లేదు. దీనిని బట్టి వలీమాకు మాంసం తప్పనిసరి కాదనీ, శక్తిని బట్టి విందు ఉండాలనీ న్యాయవేత్తలు గ్రహించారు. ధనికులను పిలిచి పేదలను విడిచిపెట్టిన వలీమా భోజనం భోజనాలన్నిటిలో హీనమైనదని మరొక హదీసు.

పాతబస్తీ షాదీఖానాలలో నేడు కనిపించే విందు ఇందుకు చాలా దూరం వచ్చింది. చౌకీల చుట్టూ అతిథులు కూర్చుంటారు, దస్తర్‌ఖాన్ పరుస్తారు. మొదట మరగ్, తరువాత సీక్ కబాబు లేదా పత్థర్ కా గోష్త్, ఆపైన కచ్చి బిర్యానీ, చివర ఖుబానీ కా మీఠా. వీటిలో ధర విషయమై ఎక్కువ తగాదాలకు అవకాశమిచ్చేవి నిప్పు మీద కాల్చే వంటకాలు. కారణం సులభంగా గ్రహించవచ్చు.

2. నిప్పు మీద తగ్గే తూకం

పత్థర్ కా గోష్త్‌కు మాంసాన్ని పలుచని ముక్కలుగా కోసి, అల్లం వెల్లుల్లి ముద్ద, పచ్చి బొప్పాయి, మిరియాలు మొదలైనవి పట్టించి నానబెడతారు. కింద బొగ్గులు రాజేసి, బాగా కాలిన నల్లరాతి బండ మీద ఆ ముక్కలను వేస్తారు. మాంసంలో నీరే ఎక్కువ భాగం. వేడికి ఆ నీరు, కొంత కొవ్వు పోయి తూకం పడిపోతుంది. ఎముక లేని మాంసం కాలితే నాలుగో వంతు నుండి మూడో వంతు వరకు తగ్గుతుందని లెక్క వేసుకోవచ్చు.

200 మంది అతిథులకు తలా 100 గ్రాముల కాల్చిన మాంసం వడ్డించాలనుకుందాం. వడ్డనకు కావలసినది 20 కిలోలు. నూటికి 30 వంతులు తగ్గుతుందనుకుంటే పచ్చి మాంసం సుమారు 29 కిలోలు కావాలి. ఎముకతో కొన్న మాంసంలో మూడింట రెండు వంతులే మెత్తటి మాంసంగా వస్తే, కొనవలసినది సుమారు 43న్నర కిలోలు. మిగిలిన ఎముకలు వృథా కావు. అవి మరగ్‌కు పనికివస్తాయి.

ఇప్పుడు మెత్తటి మాంసం కిలో 1,000 రూపాయలు అనుకుందాం. 20 కిలోలకే లెక్కవేసిన గృహస్థుకు 20,000 రూపాయలు కనిపిస్తుంది. అసలు ఖర్చు 29,000. ఈ 9,000 రూపాయల తేడా ఎవరు భరించాలో ముందుగా తేల్చుకోకపోతే మూడే దారులు ఉంటాయి: గృహస్థు అప్పు చేయడం, వంటమేస్త్రి నష్టపోవడం, లేక అతిథి ఎదుట ముక్కలు తగ్గిపోవడం.

మరొక సంగతి కూడా గమనించాలి. మాంసం, బియ్యం, నెయ్యి అతిథుల సంఖ్యను బట్టి పెరుగుతాయి. బండ, దేగుల అద్దె, రవాణా, పెద్దమేస్త్రి కూలి అంతగా మారవు. కనుక 100 మంది విందుకు తలసరి ధర 500 మంది విందు కంటే ఎక్కువ పడటం సహజం. అది మోసం కాదు.

3. ఒప్పందం రెండు విధాలు

మొదటి విధంలో సరుకులన్నీ గృహస్థు కొంటాడు, వంటమేస్త్రి కూలి మాత్రమే తీసుకుంటాడు. ఇది ఇజారా, అనగా శ్రమను నిర్ణీత ప్రతిఫలానికి తీసుకోవడం. ఇందులో మాంసం గృహస్థుదే. కాలినప్పుడు సహజంగా తగ్గినదీ, చివర మిగిలినదీ అతనివే. రెండవ విధంలో తలకింత అని ధర చెప్పి సరుకు, శ్రమ రెండూ మేస్త్రి భరిస్తాడు. ఇది హనఫీ న్యాయవేత్తలు అంగీకరించిన ఇస్తిస్నా, అనగా పురమాయించి చేయించుకోవడానికి దగ్గరగా ఉన్నది. ఇక్కడ తూకం తగ్గుదల మేస్త్రి బాధ్యత. అయితే వస్తువు రకం, పరిమాణం, ధర ఉభయులకూ తెలిసి ఉండాలి.

మదీనాలో ప్రజలు ఖర్జూరాలకు ఏడాది, రెండేళ్ల ముందే సొమ్ము ఇస్తుండగా ప్రవక్త ఆ పద్ధతిని నిషేధించలేదు. కొలత, తూకం, గడువు తెలిసి ఉండాలని నియమించారు. ముందుగా సొమ్ము చెల్లించే ఈ బేరానికి సలమ్ అని పేరు. షాఫయీ పండితుడు నవవీ (మరణం 1277) తన మిన్హాజ్ గ్రంథంలో వండిన, కాల్చిన మాంసానికి సలమ్ చెల్లదన్నారు. నిప్పు ప్రభావం అన్నిసార్లూ ఒకే తీరుగా ఉండదని షాఫయీలు చెప్పే కారణం. పైన చూసిన 9,000 రూపాయల తగాదా మూలం అదే కదా! హజ్రమౌత్ నుండి వచ్చిన అరబ్బుల సంతతి నివసించే బార్కస్‌లో షాఫయీ సంప్రదాయం ఉన్నది. పచ్చి మాంసం విడిగా కొని, వంటకు విడిగా కూలి మాట్లాడుకుంటే ఈ చిక్కు ఉండదు.

4. కోషర్ విందుతో పోలిక

యూదుల కోషర్ నియమాలను చూస్తే ఈ విషయం మరింత స్పష్టపడుతుంది. ఇది మనకు దూరపు సంగతి కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపాన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదు సమాజం ఉన్నది. కోషర్‌లో కూడా కత్తితో గొంతు కోయడం, రక్త నిషేధం ఉన్నాయి. కాని మాంసాన్ని అరగంట నీటిలో నానబెట్టి, గంటసేపు ఉప్పు పట్టించి, కడగాలి. రక్తం ఎక్కువగా ఉండే కాలేయాన్ని మంట మీద కాల్చాలి. మాంసంతో పాల పదార్థాలు కలపరాదు. కనుక పెరుగులో నానబెట్టిన కబాబు, నెయ్యి పూసిన సీకు అక్కడ పనికిరావు. నిమ్మరసం, నూనె, బొప్పాయి వాడుకోవచ్చు. వంటను కనిపెట్టి ఉండే పర్యవేక్షకుని కూలి కూడా ధరలో చేరుతుంది. అనగా నమ్మకానికి అయ్యే ఖర్చు అక్కడ పైకి కనిపిస్తుంది. మనవద్ద అది కసాయి మీద, మేస్త్రి మీద ఉన్న విశ్వాసంలో దాగి ఉన్నది. మాంసం ఎక్కడ కోసినదో అడిగి తెలుసుకోవడం అవిశ్వాసం కాదు.

5. ముగింపు

తూకంలో తగ్గించేవారిని ఖుర్‌ఆన్ 83వ సూరా తీవ్రంగా హెచ్చరిస్తుంది. గడువు పెట్టిన బాకీలను వ్రాసుకోమని 2వ సూరా 282వ ఆయత్ చెబుతుంది. విందు ఒప్పందంలో కనీసం ఇవి వ్రాసుకోవాలి: అతిథుల సంఖ్య, తూకం పచ్చిదా కాల్చినదా, తగ్గుదల ఎవరిది, అనుకున్న సంఖ్యకు మించి వచ్చినవారికి ధర ఎంత, మిగిలిన ఆహారం ఎవరిది, సొమ్ము ఏ రోజు చెల్లించాలి. కూలివానికి చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న హదీసు అర్ధరాత్రి వరకు బొగ్గుల వద్ద నిలబడిన మనిషికీ వర్తిస్తుంది.

వలీమా వరుని బాధ్యత. నికాహ్ రోజున వధువు తండ్రిచేత పెద్ద విందు పెట్టించుకోవడం ఆచారమే గాని, ధర్మశాస్త్రం విధించినది కాదు. ఆ విందు కోసం అప్పు చేసే తండ్రి ముందుగా కాగితం మీద ఈ లెక్క వేసుకుంటే, ఏ వంటకం తగ్గించుకోవచ్చో అతనికే తెలుస్తుంది. ఖర్జూరాలతో, జున్నుతో జరిగిన వలీమా కూడా సంపూర్ణమైన వలీమాయేనని అతనికి గుర్తుచేయడం బంధువుల ధర్మం.